వానప్రస్థమనే పొరపాటు

అండమాన్ దీవుల్లోని మిడిల్ పాయింట్‌లో రిటైరైన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే మాట చివరికి ఒక్కచోటికే చేరుతుంది: ఇక్కడే ఉండిపోదామా, ఊరెళ్లిపోదామా? ఊరంటే శ్రీకాకుళమో విశాఖో. మధ్యలో రెండు రాత్రులు దాటే ఓడ ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. పని కోసం వచ్చిన కుటుంబాలే ఎక్కువ. పని అయిపోయాక ఎలా బతకాలని అడిగితే మన వ్యాసకర్తలు ‘వానప్రస్థం’ అంటారు. పాశ్చాత్యులు 1961లో చెప్పింది మనవాళ్లు ఏనాడో చెప్పారని కూడా అంటారు. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది.

వానప్రస్థం వయసు మళ్లినవారి కోసం పుట్టిన ఏర్పాటు కాదు. ఆశ్రమ వ్యవస్థపై ప్యాట్రిక్ ఒలివెల్ 1993లో వెలువరించిన గ్రంథం ఈ సంగతి తేల్చింది. పాత ధర్మసూత్రాల్లో నాలుగు ఆశ్రమాలూ చదువు ముగించిన యువకుడు ఎంచుకోదగిన నాలుగు దారులు. అవి వయసు మెట్లుగా మారింది తర్వాతి కాలంలో, మనుస్మృతి నాటికి. అప్పుడైనా అది ద్విజ గృహస్థుడికి చెప్పిన మాటే. చేపలమ్మి ఇల్లు నడిపిన ఆడమనిషికి అందులో చోటు లేదు.

ఇక 1961. అమెరికాలోని కాన్సాస్ సిటీలో పెద్దవయసువారిని పరిశీలించి ఎలైన్ కమింగ్, విలియం హెన్రీ ఒక సిద్ధాంతం తెచ్చారు: వయసు పెరిగేకొద్దీ మనిషీ సమాజమూ ఒకరినొకరు వదులుకుంటారు, అది సహజం, అనివార్యం, అన్నిచోట్లా ఒకటే. ఈ చివరి మాటే చిక్కు తెచ్చింది. వారు చూసినవాళ్లు ఒకే నగరంవాళ్లు. ఆరోగ్యానికీ జరుగుబాటుకూ పెద్దగా లోటు లేనివాళ్లు. అదే అధ్యయనంలో పనిచేసిన రాబర్ట్ హావిగ్‌హర్స్ట్, బెర్నిస్ న్యూగార్టెన్, షెల్డన్ టోబిన్ ఆ సమాచారాన్నే మళ్లీ తిరగేశారు. పనీ పరిచయాలూ నిలుపుకున్నవారిలో తృప్తి ఎక్కువగానే కనిపించింది. అయితే తగ్గించుకుని హాయిగా ఉన్నవాళ్లూ తేలారు. అందుకే వాళ్లు స్వభావాన్ని ముందుకు తెచ్చారు. ఇది న్యాయమైన సవరణే. కానీ మనిషి తనంతట తాను తప్పుకున్నాడా, తప్పించారా అన్న ప్రశ్న మరుగున పడింది. ఆర్లీ హాక్‌షీల్డ్ 1975లో చేసిన విమర్శ నాకు అందుకే ముఖ్యం: ఎదురు సాక్ష్యం వచ్చినా తప్పించుకునేలా ఆ సిద్ధాంతం కట్టారని ఆమె చూపారు. తప్పుకోనివాణ్ణి ‘ఇంకా తప్పుకోలేదు’ అంటే సరిపోతుంది కదా!

తర్వాతివి త్వరగా చెప్పుకోవచ్చు. రో, కాన్ అనే పరిశోధకులు 1987లో ‘విజయవంతమైన వార్ధక్యం’ అన్నారు. జబ్బూ అశక్తతా లేకపోవడం దానికి కొలత అయింది. మోకాళ్లు అరిగిన ప్రతివాడూ ఓడిపోయినట్టేనా? పాల్ బాల్టెస్, మార్గ్రెట్ బాల్టెస్ 1990లో చెప్పిన దారి ఇంతకంటే మానవీయం: కొన్నిటిని ఎంచుకోవడం, వాటినే సానబెట్టడం, పోయినదానికి ప్రత్యామ్నాయం వెతుక్కోవడం.

మనం తరచూ మరిచేది తిరుపతిని. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్ర విభాగంలో పి.వి.రామమూర్తి, డి.జమున వార్ధక్య పరిశోధనకు పునాది వేశారు. అత్తాకోడళ్ల సంబంధం, ఇంట్లో ముసలివారి సంరక్షణ అక్కడ పరిశోధనాంశాలయ్యాయి. కాన్సాస్ అడగని ప్రశ్నలివి. తెలుగు వ్యాసాల్లో ఆ పనికి రావలసినంత చోటు రాలేదు.

ఐక్యరాజ్యసమితి 2021–2030ని ఆరోగ్యకర వార్ధక్య దశాబ్దంగా ప్రకటించింది. మంచిదే. కానీ ఇందిరా గాంధీ వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 60–79 ఏళ్ల పేదలకు నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. పాత పద్ధతి పింఛను ఉన్న ఉద్యోగికి ఉండడమో వెళ్లడమో ఎంచుకునే వీలుంది. వలలో, కూలిలో వయసు గడిచినవాడికి ఆ ఎంపిక స్వభావం చేతిలో లేదు. అతను జంగ్లీఘాట్ రేవుకి ఇంకా వస్తున్నాడంటే చురుకుదనం అనీ, రావడం మానేస్తే వైరాగ్యం అనీ పేరు పెట్టేముందు, రాత్రి ఇంట్లో పొయ్యి వెలిగిందా అని అడగాలి.