చెయ్యి చెప్పే మాట

రేడియోలో మాట్లాడటంలో ఒక చిక్కుంది. నా గొంతు మీకు వినబడుతుంది గాని, నా చేతులూ ముఖమూ కనబడవు. మాట ఒక్కటీ ఉంటే చాలనుకుంటాం. కాని రోజంతా ఇంట్లో మనం నడిపే వ్యవహారంలో చాలాభాగం మాట లేకుండానే జరిగిపోతుంది. చుట్టాల ఎదుట పిల్లవాడు మూడో లడ్డూకి చెయ్యి చాపితే తల్లి నోరెత్తదు. ఒక్క చూపు చూస్తుంది, అంతే!

మన భాషే దీనికి సాక్ష్యం. ఆశ్చర్యం వేస్తే ముక్కున వేలేసుకుంటాం. నచ్చకపోతే పెదవి విరుస్తాం. అలిగితే మూతి ముడుచుకుంటాం. ఇక నావల్ల కాదనుకుంటే చేతులెత్తేస్తాం. ఇవన్నీ ఒంటితో చేసే పనుల్లోంచి పుట్టిన మాటలే కదూ! ఇప్పుడు ముక్కు మీద నిజంగా వేలు పెట్టుకునేవాళ్ళు తగ్గారు గాని మాట మాత్రం మిగిలింది.

మరి తల ఊపడం సంగతి చూడండి. "సరే, అలాగే" అనడానికి మనం తలను పక్కలకు అటూ ఇటూ ఆడిస్తాం. పైదేశాలవాళ్ళకి ఇది చూస్తే అవునన్నామో కాదన్నామో అంతుపట్టదు. మనకేమో ఇందులో సందేహమే లేదు. నందికేశ్వరుడి "అభినయదర్పణం"లో తొమ్మిది రకాల శిరోభేదాలు చెప్పారు. తలను కుడి ఎడమలకు తిప్పితే ధుతం, అది "లేదు" అనడానికి. చామరంలా రెండు పక్కలకూ ఊపితే పరివాహితం, అది సంతోషానికీ, సమ్మతికీ. అంటే కూరలబ్బాయి "రేపు తెస్తానమ్మా" అంటూ ఆడించే తలకు శాస్త్రంలో పేరుందన్నమాట! ఈ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవారిలో ఒకరు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఆనంద కుమారస్వామిగారితో కలిసి ఆయన చేసిన అనువాదం 1917లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి ద్వారా వెలువడింది. నాలుగేళ్ళ తర్వాత చీరాల-పేరాల ఉద్యమం నడిపినది కూడా ఆయనే.

అయితే మనది నాట్యం కోసం రాసిన శాస్త్రం. వీధిలో, సంతలో మామూలు జనం చేసే సైగల మీద పుస్తకం రాయాలని తోచినవాడు ఇటలీలో నేపుల్స్ నగరానికి చెందిన ఒక మతాచార్యుడు, ఆంద్రియా ది జోరియో. ఆ పుస్తకం 1832లో అచ్చయింది. ఆయనకీ ఆలోచన ఎందుకు వచ్చిందంటే, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కప్పేసిన హెర్క్యులేనియం, పాంపే పట్టణాలను అప్పటికి సుమారు వందేళ్ళనుంచి తవ్వుతున్నారు. దొరికిన గోడచిత్రాల్లోనూ, పాత గ్రీకు కలశాల మీదా మనుషులు రకరకాలుగా చేతులు తిప్పుతూ కనిపిస్తున్నారు. వాటి అర్థమేమిటని పండితులు గ్రంథాలు తిరగేస్తుంటే, ది జోరియోగారు కిటికీలోంచి వీధిలోకి చూడమన్నారు. నేపుల్స్‌లో చేపలమ్మేవాళ్ళూ, పోట్లాడుకునే ఆడవాళ్ళూ అవే సైగలు చేస్తున్నారని ఆయన వాదన. ఐదువేళ్ళ కొనలూ ఒకచోట చేర్చి పైకెత్తి ఆడిస్తే "ఏవిటి నీ గోల?" అని. చూపుడువేలూ చిటికెనవేలూ కొమ్ముల్లా చాపితే దిష్టి తగలకుండా. మనకు బుగ్గన చుక్క ఎలాగో, వాళ్ళకది అలాగ! చదువుకున్నవాళ్ళు మోటు అనుకునే వీధిజనం చేతుల్లో చరిత్ర దాగుందని గుర్తించడమే నా దృష్టిలో ఆయన గొప్పతనం.

ఆయన మాటకు తర్వాత కొంత బలం దొరికింది. డెస్మండ్ మోరిస్, ఆయన సహచరులు యూరప్ దేశాల్లోనూ చుట్టుపక్కలా నలభై చోట్ల తిరిగి, ఇరవై సైగలను గురించి విచారించి 1979లో పుస్తకం వేశారు. గ్రీసులో "కాదు" అనడానికి తలను వెనక్కి ఎగరేస్తారు. దక్షిణ ఇటలీలోనూ అంతే. నేపుల్స్ దాటి రోము వైపు వెళితే ఆ అలవాటు ఆగిపోయి, తల అడ్డంగా తిప్పడం మొదలవుతుంది. రెండువేల అయిదువందల ఏళ్ళకు పైబడిన రోజుల్లో గ్రీకులు వచ్చి స్థిరపడింది ఆ దక్షిణ భాగంలోనే!

ఇన్ని వేల ఏళ్ళు నిలిచిందంటే ఇదేదో రక్తంలోనే ఉండి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ అనుమానమే ఒకప్పుడు చాలా ప్రమాదకరమైన సిద్ధాంతమైంది. 1930లలో జర్మనీలో నాజీల ప్రాపకం ఉన్న "జాతి శాస్త్రం" పండితులు, మనిషి చెయ్యి ఆడించే తీరు కూడా వాడి జాతినిబట్టే వస్తుందని రాశారు. యూదులు చేతులు తిప్పే పద్ధతిని వాళ్ళ తక్కువతనానికి గుర్తుగా చూపించారు. చెయ్యి చూసి మనిషి విలువ కట్టడమన్నమాట.

దీనికి జవాబు న్యూయార్క్‌నుంచి వచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంజ్ బోయాస్ అనే ఆచార్యుడుండేవాడు. ఆయన జర్మనీలో పుట్టిన యూదుడు. ఆయన పుస్తకాలను 1933లో నాజీలు తగలబెట్టారు. ఆయన ఆధ్వర్యంలో అర్జెంటీనానుంచి వచ్చిన డేవిడ్ ఎఫ్రాన్ అనే యువకుడు వీధులవెంట బయలుదేరాడు. స్టైవెసెంట్ వాన్ వీన్ అనే చిత్రకారుణ్ణి వెంటబెట్టుకున్నాడు. మాట్లాడుకునేవాళ్ళకి తెలియకుండా ఒకరు గమనించడం, ఒకరు బొమ్మ గీయడం. ఫిల్ములు కూడా తీశారు.

ఏం తేలింది? తూర్పు యూరప్‌నుంచి వలస వచ్చిన యూదులు మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, ముంజేతిని చిన్నచిన్న మలుపులు తిప్పుతూ మాట్లాడేవారు. ఎదుటివాడి కోటు పట్టుకుని మరీ చెప్పేవారు. దక్షిణ ఇటలీవాళ్ళు భుజం దగ్గరనుంచి రెండు చేతులూ బారజాపి, చెప్పేదాని ఆకారాన్నే గాలిలో గీసేవారు. తేడా అంత స్పష్టంగా ఉంది. కాని వాళ్ళ పిల్లల్లో, అమెరికా సమాజంలో కలిసిపోయినవాళ్ళను చూస్తే ఎవరు యూదుడో ఎవరు ఇటాలియనో చేతులనుబట్టి చెప్పడం కష్టమైపోయింది. పాత వాడల్లో, పాత పద్ధతిలోనే మసిలేవాళ్ళకు అలవాటు నిలిచింది. రక్తం అదే, చేతులు మాత్రం మారిపోయాయి! ఎఫ్రాన్ పుస్తకం 1941లో వచ్చింది.

అమెరికాలో పుట్టిన మన మనవలనే చూడండి. ఫోనులో బొమ్మ చూస్తూ "అన్నం తిన్నావా నాన్నా?" అని బామ్మ అడిగితే, అక్కడి పిల్లల్లాగా తల కిందికీ పైకీ ఆడిస్తారు. ఎవరూ పాఠం చెప్పలేదు, పక్కవాళ్ళను చూసి పట్టేశారు.

రెండు రకాల చేతులూ కలిగినవాళ్ళు కూడా ఉంటారు. 1934నుంచి 1945 దాకా న్యూయార్క్ మేయరుగా ఉన్న ఫియొరెల్లో లాగ్వార్డియా తండ్రి ఇటలీవాడు, తల్లి యూదు స్త్రీ. ఆయనకు ఇంగ్లీషూ, ఇటాలియనూ, యూదులు మాట్లాడే యిడ్డిషూ వచ్చు. ఓట్లకోసం ఏ పేటకు వెళితే ఆ భాషలో ఉపన్యాసం. ఆయన వార్తాచిత్రాలను శబ్దం లేకుండా చూసినా, చేతులూ ఒళ్ళూ కదిలే తీరునుబట్టి అప్పుడాయన ఏ భాషలో మాట్లాడుతున్నదీ చెప్పేయవచ్చని సైగల మీద పరిశోధన చేసిన రే బర్డ్‌విస్టెల్ అనేవారు.