మగ్రిబ్ అజాఁ దాకనే ఆట

జరుగుండ్రి, జర దగ్గరికి జరుగుండ్రి. ఆ కట్టె లోపటికి తోయ్‌రా చిన్నోడా, పొగంత నా కండ్లల్లకే వస్తున్నది. ఏమడిగితివే పోరీ? హాకీనా? అవు, ఆడిన. ఎందుకట్ల నవ్వుతరు? ఇదే ఛత్రినాక గల్లీలల్ల మోకాళ్ళు చెక్కుకపోయి తిరిగిన దాన్ని నేను.

గప్పుడు ఆడోళ్ళ హాకీ ఏర్వడి ఉండె. మొగోళ్ళకు ఒక ఫెడరేషన్, మనకింకొకటి. మనదానికి బేగం ఐజాజ్ రసూల్ అని యూపీ ఆమె ఇరవై ఏండ్లు ప్రెసిడెంటు. రాజ్యాంగం రాసిన సభల కూసున్న ఒక్కగానొక్క ముస్లిం ఆడమనిషి ఆమెనే. మా జట్టుల సగం మంది ముస్లిం పిల్లలే. వాళ్ళ అమ్మీల ముంగట ఈమె పేరు తీస్తే జర మెత్తవడుతుండ్రి. ఆ రెండు ఫెడరేషన్ల జాగల 2009ల హాకీ ఇండియా అని ఒక్కటే వచ్చింది.

పైన ఎవరుంటే ఏంది, కింద గల్లీల నడిపేటోళ్ళు ఉండాలె గద. మా దిక్కు అసోసియేషన్‌కు సెక్రటరీ సాబ్ ఉండె. మంచోడే. రిజిస్టర్ రాస్తుండె, టోర్నమెంటుకు ఎంట్రీ పంపుతుండె, గ్రౌండు అడుక్కొస్తుండె. పోరగాళ్ళు ఆడి ఇడిచిపెట్టినంకనే మనకు గ్రౌండు, అది ఏరే ముచ్చట. కని ఆడపిల్లల జట్టు నడిపింది మాత్రం ఆయన కాదు, మా పీటీ టీచరమ్మ. రిజిస్టర్ల ఆమె పేరు యాడ లేదు.

ఆమె ఏం చేస్తుండెనో చెప్తా ఇనుండ్రి. ఆయితారం పొద్దుగాల ఇండ్లల్లకు వస్తుండె. హాకీ అన్న మాటే తియ్యది. బియ్యం ధర అడుగుతది, బోనాలకు కొత్త చీర తీసుకున్నరా అంటది, చాయ్ తాగుతది. లేవబోయేటప్పుడు, "రేపు మీ బిడ్డెను నేనే తోల్కపోతా, నేనే ఇంట్ల ఇడుస్తా" అంటది. గంతే. మా అవ్వ హాకీకి ఒప్పుకోలే, ఆ "నేనే ఇంట్ల ఇడుస్తా"కు ఒప్పుకుంది.

ఆమె ఉప్పుగూడల మొదలువెట్టి, ఛత్రినాక, గౌలిపుర మీదికెళ్ళి, దారంల పూలు గుచ్చినట్టు ఒక్కొక్క పిల్లను కలుపుకుంట లాల్ దర్వాజ దాక వస్తుండె. వాపస్ కూడ గట్లనే, ఒక్కొక్క దర్వాజ కాడ ఒక్కొక్కరిని ఇడుసుకుంట. టైము చూడనీకి మా దగ్గర గడియారం లేకుండె. పొద్దుగూకంగ ఇచ్చే మగ్రిబ్ అజాఁ ఇనవడకముందే ఇంట్ల ఉండాలె. హిందువులైనా ముస్లిములైనా అందరిండ్లల్ల అదే కానూను. చలికాలం జల్ది పొద్దుగూకుతది, గంట సేపు కూడ ఆడనియ్యకపోతుండె. రంజాన్ల ఒక్కపొద్దున్న పిల్లలను ఉరికియ్యకపోతుండె, నిలవడి బాలు ఆపుడే నేర్పుతుండె. ఆషాఢంల లాల్ దర్వాజ బోనాలొస్తే మేమే పోకపోతుంటిమి.

స్టిక్కుల ముచ్చటనా? అందరికి ఏడికెళ్ళి వస్తయి? ఇద్దరికొకటి. మల్బరీ కట్టె, జలంధర్ నుంచి వస్తుండె. వానకాలం ఉబ్బకుండ అవిసె నూనె రుద్ది గోడకు నిలవెడుతుంటిమి. పట్టు జారకుండ పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టుడు. మా జట్టుల ఒకామెది ఎడమచేతి వాటం. స్టిక్కు చూసిండ్రా ఎప్పుడన్న? ఒక్క దిక్కే సాపుగుంటది, బాలు ఆ దిక్కుతోటే కొట్టాలె. ఎడమ చేతోళ్ళ స్టిక్కని ఆటలనే లేదు. ఆమె అలవాటు కాక ఏడ్చింది. కని పై చెయ్యి ఎడమదే గద, బాలును తిప్పేది ఆ చెయ్యే. నెల తిరిగేసరికి ఆమెను ఆపెటోళ్ళు లేకపోయిండ్రు.

ఇగ ఆట బుల్లీతోటి షురూ. ఇద్దరు ఎదురెదురుంగ నిలవడి, ఒకసారి నేలకు, ఒకసారి ఎదుటామె స్టిక్కుకు, గట్ల మూడుమార్లు టక్కుటక్కుమని కొట్టి బాలు మీద వడాలె. 1981ల అది తీసేసిండ్రు. నాకైతే నచ్చలే. సగం మజా దాంట్లనే ఉండె.

1980ల మాస్కో ఒలింపిక్స్. ఆడోళ్ళ హాకీ పెట్టుడు అదే మొదలు. మస్తు దేశాలు పోలే, ఆరే టీములు. జింబాబ్వేకు గోల్డ్. ఆ జింబాబ్వేతోటి మనోళ్ళు 1-1 డ్రా ఆడిండ్రు, అయినా నాలుగో నంబరే. మళ్ళ ఒలింపిక్స్‌కు పోవుడు 2016 రియోలనే. ముప్పై ఆరేండ్లు! 2021ల టోక్యోల బ్రిటన్ మీద 4-3తోటి ఓడి మళ్ళ నాలుగే. ఆ పొద్దు మీ తాత టీవీ బంద్ చేసి బయటికి పోయిండు.

నా కడుపుమంట ఏరే ఉన్నది. 1982ల ఢిల్లీల ఏషియాడ్. మొగోళ్ళు ఫైనల్ల పాకిస్తాన్ చేతుల 7-1తోటి ఓడిండ్రు. అదే ఏషియాడ్ల ఆడోళ్ళు గోల్డ్ కొట్టిండ్రు. శాలిబండ నుంచి చార్మినార్ దాక ఏ హోటల్ కాడ ఇన్నా ఆ ఏడు గోల్స్ ముచ్చటే. గోల్డ్ ముచ్చట తీసినోడు లేడు. ఇప్పుడు కూడ పోయి అడుగుండ్రి, ఏడు గోల్సే చెప్తరు.

పదో తరగతి అయిపోంగనే జట్టుల సగం మంది ఖాళీ. లగ్గాలు. పదకొండు మంది దొరకకుంటే ఏడుగురు ఏడుగురు ఆడుతుంటిమి. ఆగినోళ్ళు ఎందుకు ఆగిండ్రంటే రైల్వే నౌకరి కోసం. ఆటతోటి నౌకరి వస్తదంటే నాయినలు కూడ సప్పుడు చేయకపోతుండ్రి. గిప్పటికీ ఆడోళ్ళ హాకీల రైల్వేదే పెద్ద జట్టు. మనోళ్ళు లేరా అంటే, ఉన్నరు. నిజామాబాద్ సౌందర్య ఇండియాకు ఆడింది. చిత్తూరు జిల్లా పల్లెల పుట్టిన రజని ఇండియా గోల్‌కీపర్ అయింది.

ఇప్పుడు గచ్చిబౌలిల టర్ఫ్ ఉన్నది. మంచిదే, కని ఛత్రినాక నుంచి గచ్చిబౌలికి సాయంత్రం పిల్లను ఎవరు తోల్కపోవాలె, ఎవరు తోల్కరావాలె? హాకీల చేరనీకి ఫారం నింపుడు పెద్ద పని కాదే పోరీ, ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, రెండు ఫోటోలు. ముందుగాల ఈ గల్లీలకెళ్ళి ఇంకెవరెవరు వస్తరో రేపు పోయి అడుగు. నలుగురైతే చాలు, ఆటో మాట్లాడుదాం. మీ అమ్మతోటి నేను మాట్లాడుతా.