పన్నెండు పక్కల హరిశ్చంద్ర

మనవాళ్లు గ్రామఫోన్ ప్లేటు అని పిలుచుకున్న నల్లటి రికార్డుకు ప్రాణం ఛోటానాగ్‌పూర్ అడవిలో ఉంది. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల లేత కొమ్మలకు ఒక చిన్న పురుగు పడుతుంది. అది తన ఒంటిచుట్టూ ఊరించుకునే బంకే లక్క. దేశంలో ఇప్పటికీ లక్క ఎక్కువగా పండేది జార్ఖండ్‌లోనే. ఖూంటీ, గుమ్లా, సిమ్‌డేగా వైపు ఆదివాసీలు కొమ్మలు కోసి, లక్క గీకి, సంతకు తెస్తారు. దాన్ని కడిగి ఎండబెట్టి, పొడుగాటి గుడ్డసంచిలో పోసి, నిప్పుల సెగకు చూపిస్తూ మెలిపెడితే కరిగిన లక్క బయటికి ఊరుతుంది. పల్చగా సాగదీస్తే చపడా అవుతుంది. 1890ల చివరి నుంచి అర్ధశతాబ్దం పాటు ప్రపంచంలో ఎక్కడ ప్లేటు మీద పాట అచ్చు వెయ్యాలన్నా దాదాపుగా చపడా ఉండాల్సిందే. అందులో రాతిపొడి, నూలుపీచు, మసి కలిపి వేడి మీద అచ్చులో నొక్కితే పదంగుళాల ప్లేటు తయారు. ఒక్కో పక్కన మూడు నిమిషాల పైచిలుకు పాట పట్టేది.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు రికార్డు చేశారు. 1908లో సియాల్దాలో, 1928లో డమ్‌డమ్‌లో ప్లేట్లు నొక్కే ఫ్యాక్టరీలు వచ్చాయి. లక్క మీద పరిశోధనకు 1924లో రాంచీ పక్కన నామ్‌కుమ్‌లో ఏకంగా ఒక సంస్థే వెలిసింది. ఈ అడవి లక్క కలకత్తా వెళ్లి కపిలవాయి రామనాథశాస్త్రి పద్యమైంది, టంగుటూరి సూర్యకుమారి పాటైంది, ఘంటసాల పుష్పవిలాపమైంది. కుక్క బొమ్మ ప్లేటు అంటే తెలియని తెలుగు ఊరు లేని రోజులవి. పెళ్లిపందిట్లో, సినిమాహాలు ముందు, హోటల్లో కాఫీ తాగేచోట అవే మోగేవి.

మా మావయ్యకు ఈ లక్క సంగతి తెలిసినప్పుడు కళ్లు చెమర్చాయి. ఆయనది శ్రీకాకుళం వైపు పల్లె. కుర్రతనంలో టాటానగర్ రైలెక్కి, టాటా ఉక్కు కంపెనీలో చేరి, భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ ఒడ్డుకు దగ్గరగా కాపురం పెట్టాడు. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామంది కథ ఇదే. 1907లో కంపెనీ పుట్టింది, 1912లో ఉక్కు పోసింది, 1919లో సాక్‌చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఆ పని వెంబడి ఉత్తరాంధ్ర నుంచి తరాల తరబడి మనుషులు వచ్చారు. వాళ్ల వెంట బిష్టుపూర్‌లో రామమందిరం వచ్చింది, హార్మోనియం వచ్చింది, పద్యనాటకం వచ్చింది. మావయ్య షిఫ్టు దిగి వచ్చి, గ్రామఫోన్ పెట్టెకు కీ ఇచ్చి, ముల్లు మార్చి ప్లేటు పెట్టేవాడు. ఒక ముల్లుతో రెండో ప్లేటు వాయించనిచ్చేవాడు కాదు. గాడి అరిగిపోతుందని ఆయన భయం.

ఆయన దగ్గర ఉన్నవి ఎక్కువ లేవు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు వేలకు వేలు పోగుచేశారని చెప్పుకుని మురిసేవాడు, ఆయన పేరు చెప్పేటప్పుడు చేతులు జోడించేవాడు. మావయ్యకు కావలసిందల్లా ఒక్కటే: హరిశ్చంద్ర నాటకం సెట్టు. ఆరు ప్లేట్లు, పన్నెండు పక్కలు. చిన్నప్పుడు తమ ఊరి కరణంగారి అరుగు మీద కూర్చుని విన్నాడట. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో కాటిసీను వచ్చేసరికి, జాషువా పద్యాలు ఎత్తుకునేసరికి, ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవారట. అదే సెట్టు కోసం రిటైరయ్యాక కూడా వెతికాడు.

చివరికి గోదావరి జిల్లాల్లో ఒక పెద్దాయన దగ్గర ఉందని తెలిసింది. ఫోన్లో బేరమేమీ ఆడలేదు. “ఎంతన్నా ఇస్తాను బాబూ, జాగ్రత్తగా పంపించండి, అంతే చాలు” అన్నాడు మావయ్య. “మీకెందుకండీ, పసిపిల్లని చుట్టినట్టు చుట్టి పంపిస్తానండి” అన్నాడాయన.

నిజంగానే అలాగే చుట్టాడు. ఆయన తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. ఒక్కో ప్లేటుకు కాగితం తొడిగి, అటూ ఇటూ ప్లేటు కంటే పెద్దవైన అట్టలు పెట్టి, ఆరింటినీ కలిపి గట్టిగా కట్టి, పెట్టెలో నిలబెట్టి, చుట్టూ నలిపిన కాగితం కూరాడు. ప్లేటును పడుకోబెట్టి పంపకూడదు. పైన బరువు పడితే నడుమ విరుగుతుంది. నిలబెడితే ఆ బరువు అంచు మోస్తుంది. అసలు సూత్రం ఏమిటంటే లోపల వస్తువు కదలకూడదు, బయటి దెబ్బ లోపలికి చేరకూడదు. అందుకే తెలిసినవాళ్లు పెట్టెలో పెట్టె పెట్టి, రెండింటి మధ్యా నాలుగు వేళ్ల మందాన మెత్తటిది కూరుతారు.

కొరియర్ కౌంటరు దగ్గర ఆ పెట్టె విప్పమన్నారు. లోపల ఏముందో చూడకుండా తీసుకోలేమన్నారట. కట్టు తెగ్గొట్టి, చూసి, ఇరుకుగా ఉందని కాగితమంతా తీసి పక్కన పడేసి, ప్లేట్లు పడుకోబెట్టి టేపు చుట్టేశారు. పెద్దాయన బతిమాలితే ఎర్ర స్టిక్కరు ఒకటి అతికించారు. ఆ స్టిక్కరు చూసి ఎవరు ఆగుతారు? గోదాములో పెట్టెలు చూసే కంటికి తూకమూ పిన్‌కోడూ తప్ప ఇంకేమీ కనిపించదు. బెల్టు మీంచి జారుతుంది, లారీలోకి విసురుతారు, దాని మీద మిక్సీ పెట్టె, ఆ మీద బియ్యం బస్తా. గోదాములో పనిచేసే ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. గంటకిన్ని పెట్టెలు తెమల్చాలని వాళ్ల నెత్తిన లెక్క పెట్టినవాళ్ల మీద ఉంది.

భుయ్యాడీహ్‌లో మా గుమ్మంలోకి వచ్చేసరికి పెట్టె ఒక మూల లోపలికి నొక్కుకుపోయింది. మావయ్య రెండు చేతులతో ఎత్తుకున్నాడు. లోపల గలగలమంది. ఆయన అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. “ఇప్పొద్దురా, పోయాయి” అన్నాడు. నేనే విప్పాను. పైవి రెండు బాగున్నాయి, అడుగున ఒకటి కూడా. మధ్యలో ఒకటి అడ్డంగా రెండు చెక్కలైంది. ఇంకో రెండు అప్పడాల్లా పొడి పొడి. విరిగిన అంచు దగ్గరగా పట్టుకుని చూస్తే పైకి కనిపించే నిగనిగ లోపల లేదు. బూడిదరంగు రాయి, అందులో సన్నటి నూలుపోగులు. గాడులు తెగినచోట అంచు కత్తిలా ఉంది, నా బొటనవేలు కోసుకుంది. లేబుళ్ల మీద అక్షరాలు ఏనాడో చెదలు తినేశాయి, పాడినవారి పేరు కూడా దొరకలేదు.

లక్క ప్లేటు ప్రయాణానికి ఆగదని లోకానికి ఎప్పుడో తెలుసు. 1930లలో అమెరికాలో రేడియో స్టేషన్లకు పోస్టులో పంపే ప్లేట్లు పగిలిపోతుంటే వాటిని వినైల్‌తో చెయ్యడం మొదలుపెట్టారు. యుద్ధంలో మన లక్క దొరకక 1942లో అక్కడ రికార్డులకు లక్క వాడకం మీద గట్టి కోత పెట్టారు. మరుసటేడు నుంచి దూరదేశాల్లో ఉన్న సైనికులకు వినైల్ ప్లేట్ల మీద పాటలు పంపారు. 1948లో ఎల్పీ వచ్చాక లక్కకు రోజులు దగ్గరపడ్డాయి. పడమటి దేశాలు 1960 నాటికి మానేశాయి. మన దగ్గర మాత్రం డమ్‌డమ్‌లో ఇంకా కొన్నేళ్లు నొక్కారు, బీటిల్స్ పాటలు కూడా లక్క ప్లేట్ల మీద వచ్చాయి. ఆ తర్వాత ఈ అడవి లక్క గాజులకూ, మందుబిళ్లల పూతకూ, చెక్కసామాను మెరుపుకూ మిగిలింది. పాట దాన్ని వదిలేసింది. ఇక ఉన్న ప్లేట్లే ఉన్నాయి, ఒకటి విరిగితే ఒకటి తగ్గినట్టే.

నష్టపరిహారం అడిగాం. పగిలే వస్తువులకు పూచీ లేదని రసీదు వెనక సన్నటి అక్షరాల్లో రాసి ఉందన్నారు. విలువ చూపించడానికి బిల్లు తెమ్మన్నారు. కరణంగారి కాలపు ప్లేటుకు బిల్లెక్కడిది? తపాలాలో పంపినా ఇదే పాత కథ. సర్కారు తానుగా ఒప్పుకుంటే తప్ప పోయినదానికీ పాడైనదానికీ బాధ్యత లేదని 1898 నాటి పోస్టాఫీసు చట్టం ఆరో సెక్షన్‌లోనే ఉండేది. 2023 చట్టం దాని చోటు తీసుకున్నా ఆ రక్షణ అలాగే ఉంది. మోసేవాడికి రక్షణ ఉంది, మోయించుకునే వస్తువుకు లేదు. ఇది అన్యాయమని నేను గట్టిగానే అంటాను. కనీసం కౌంటరు దగ్గర విప్పిన పెట్టెను విప్పినవాళ్లే మళ్లీ ముందున్నట్టు కట్టాలన్న నియమమైనా ఉండాలి.

రెండు చెక్కలైన ప్లేటును మావయ్య బల్లమీద పెట్టి, గాడికి గాడి కలిపి, నిమిషంలో అంటుకునే బంకతో అతికించాడు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు. అడ్డంగా అతుకు ఉంటే చుట్టుకు రెండు దెబ్బలు, నిమిషానికి 156. ఆ టకటకల మధ్య చంద్రమతి గొంతు వినిపించేది. మావయ్య చెయ్యెత్తి “అదుగో, అదుగో” అనేవాడు. విన్నంతలోనే ఫోన్లో రికార్డు చేసి పెట్టాను. అతుకు ప్లేటుతో కలిపి ఎనిమిది పక్కలు దక్కాయి.

పోయిన నాలుగు పక్కల్లోనే కాటిసీను ఉంది. ఆ గాయకుడు ఏ రాగంలో ఎత్తుకున్నాడో, ఎక్కడ సాగదీశాడో మావయ్య అప్పుడప్పుడు పాడి చూపించేవాడు. రికార్డు చేద్దామంటే “నా గొంతుదేటి, ఆయనది దొరకనీ” అనేవాడు. దొరకలేదు. పోయినేడు మావయ్యే పోయాడు. భుయ్యాడీహ్ ఘాట్‌లోనే దహనం చేశాం.

పెద్దాయన కూడా ఎంతగానో బాధపడ్డాడు. ఇంకా ఉన్న ప్లేట్లు ఎవరికీ పంపనని ఫోన్లోనే ఒట్టు పెట్టుకున్నాడు. మీలో ఎవరింటి అటక మీదైనా ఆరు ప్లేట్ల హరిశ్చంద్ర సెట్టు ఉంటే, అందులో కాటిసీను ఉంటే, దయచేసి పెట్టెకెత్తి పంపించకండి. శ్రీకాకుళమైనా, బళ్లారి అయినా, ఖరగ్‌పూర్ అయినా రైలెక్కి నేనే వస్తాను. మీ ఇంట్లోనే కూర్చుని విని, రికార్డు చేసుకుని, ప్లేట్లు మళ్లీ మీ చేతికే ఇచ్చి వెళ్తాను.