అండాశయం నుంచి అండవాహిక దాకా

1971లో లండన్ వైద్య పత్రిక 'లాన్సెట్'లో ఒక చాలా చిన్న వ్యాసం వచ్చింది. రాసినాయన ఈజిప్టులోని అస్యూత్ విశ్వవిద్యాలయ వైద్యుడు మహమూద్ ఫతల్లా. నెలనెలా అండం విడుదల కావడమే అండాశయ క్యాన్సర్‌కు దారి తీస్తోందేమో అన్నది ఆయన అనుమానం. అండం బయటపడిన ప్రతిసారీ అండాశయం పైపొర చిట్లుతుంది, మళ్లీ మానుతుంది. కాన్పు తర్వాత కాన్పు, మధ్యలో ఏళ్ల తరబడి చనుపాలివ్వడం ఉన్న కాలంలో ఈ చిట్లడం తక్కువసార్లే జరిగేది. ఇద్దరు పిల్లలతో ఆపేసే కాలంలో ఒక స్త్రీ జీవితంలో అది 400 సార్ల దాకా జరుగుతుంది. చిట్లి మానే చోట కణాలు మాటిమాటికీ విభజన చెందాలి. విభజన జరిగే కొద్దీ పొరపాట్లకు చోటు పెరుగుతుంది. జంతువుల్లో ఈ క్యాన్సర్ అరుదనీ, ఎడతెగకుండా గుడ్లు పెట్టే పెంపుడు కోళ్లలో మాత్రం తరచూ వస్తుందనీ ఆయన గుర్తుచేశారు.

ఇది గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. దీని వెనక రెండు శతాబ్దాలకు పైబడిన లెక్కలున్నాయి. 1700 ప్రాంతంలో ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజ్జీనీ క్రైస్తవ సన్యాసినుల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువని రాశాడు. 1842లో డొమెనికో రిగోని స్టెర్న్ వెరోనా నగరపు మరణ రికార్డులు తిరగేసి, సన్యాసినులకూ పెళ్లయిన ఆడవాళ్లకూ క్యాన్సర్లు ఒకే తీరున రావని అంకెలతో చూపించాడు. అండాశయం మాత్రం అప్పటికింకా విడిగా లెక్కకు రాలేదు. పొత్తికడుపు లోపల కనపడకుండా ఉండే ఆ అవయవంలోని జబ్బును గుర్తించడమే కష్టం. 1969లో అమెరికాలో జోసెఫ్ ఫ్రామెనీ బృందం సన్యాసినుల మరణాలను పరిశీలించినప్పుడు అండాశయ క్యాన్సర్ కూడా వాళ్లలో ఎక్కువేనని తేలింది. పిల్లల్ని కనని జీవితానికీ ఈ జబ్బుకూ ఏదో లంకె ఉందన్న మాట అలా గట్టిపడింది. ఆ లంకె ఏమిటో చెప్పడానికి ఫతల్లా చేసింది తొలి గట్టి ప్రయత్నం.

ఆ ఊహను పరీక్షించే అవకాశం చరిత్రే కల్పించింది. 1960లో అమెరికాలో గర్భనిరోధక మాత్రకు అనుమతి దొరికింది. అండం విడుదలను ఆపడమే ఆ మాత్ర చేసే పని. ఫతల్లా చెప్పింది నిజమైతే మాత్ర వేసుకున్నవాళ్లలో జబ్బు తగ్గాలి. తగ్గింది కూడా. 1970ల చివరి నుంచి ఒకదాని వెంట ఒకటిగా అధ్యయనాలు అదే చెప్పాయి. 2008లో వాలరీ బెరల్ ఆధ్వర్యంలో ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా పనిచేసిన బృందం 21 దేశాల్లోని 45 అధ్యయనాలను ఒకచోట చేర్చింది. జబ్బు వచ్చినవాళ్లు 23,257 మంది, పోల్చి చూడడానికి తీసుకున్నవాళ్లు 87,303 మంది. మాత్ర వాడిన ప్రతి ఐదేళ్లకూ ముప్పు సుమారు ఐదో వంతు తగ్గుతూ వచ్చింది. పదిహేనేళ్లు వాడినవాళ్లలో దాదాపు సగమైంది. మానేశాక కూడా ఆ రక్షణ దశాబ్దాలపాటు నిలిచింది. అప్పటికే ప్రపంచంలో 2 లక్షల మందికి ఈ జబ్బు రాకుండా మాత్ర ఆపి ఉంటుందని వాళ్ల అంచనా.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. సంపన్న దేశాల్లో 75 ఏళ్లలోపు ఈ జబ్బు వచ్చే అవకాశం వందకు 1.2 ఉంటే, పదేళ్లు మాత్ర వాడితే 0.8కి దిగుతుంది. వెయ్యి మందిలో నలుగురికి తప్పుతుందన్నమాట. మాత్రతో రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. అందుకే క్యాన్సర్ రాకుండా అందరూ మాత్ర వేసుకోండని ఏ దేశమూ చెప్పలేదు. పిల్లలు లేని స్త్రీ ఈ లెక్కలు చూసి తన మీద తప్పు వేసుకోనవసరం లేదు. పిల్లలు లేనివాళ్లలో కూడా ఎక్కువ మందికి ఈ జబ్బు రాదు.

ఇంకో దారిలో నడిచిన కథ వంశానిది. 1866లో ప్యారిస్ వైద్యుడు పాల్ బ్రోకా తన భార్య కుటుంబంలో తరతరాలుగా వస్తున్న క్యాన్సర్ల వంశవృక్షం ప్రచురించాడు. ఇలాంటి జబ్బు రక్తంలో వస్తుందంటే ఆ తర్వాత చాలాకాలం పెద్దగా నమ్మినవాళ్లు లేరు. 1960లు, 70లలో నెబ్రాస్కా వైద్యుడు హెన్రీ లించ్ ఊరూరా తిరిగి కుటుంబాల చరిత్రలు పోగుచేశారు. రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఒకే కుటుంబంలో కలిసి వస్తున్న తీరును పట్టుకున్నారు. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ దీనికి కారణమైన జన్యు లోపం 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించారు. 1994లో బీఆర్‌సీఏ-1 జన్యువు చేతికి చిక్కింది, మరుసటి ఏడాది బీఆర్‌సీఏ-2. మామూలుగా వందలో ఒకరికి కాస్త పైన ఉండే ముప్పు, మొదటి జన్యువులో లోపం ఉంటే 80 ఏళ్లు వచ్చేసరికి వందలో 44 దాకా, రెండో దానిలో లోపం ఉంటే 17 దాకా వెళ్తుందని 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం లెక్కగట్టింది.

ఆ జన్యువుల మీద మిరియడ్ అనే అమెరికా కంపెనీ పేటెంటు తీసుకుంది. పరీక్ష ఖరీదు వేల డాలర్లకు ఎగబాకింది. 2013 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ప్రకృతిలో ఉన్న జన్యువు ఎవరి సొత్తూ కాదని తీర్పు చెప్పింది. దానికి నెల ముందే నటి ఏంజెలీనా జోలీ తన జన్యు పరీక్ష ఫలితాన్ని పత్రికలో రాశారు. ఆమె తల్లి 2007లో 56 ఏళ్లకే క్యాన్సర్‌తో చనిపోయారు. 2015లో జోలీ అండాశయాలు, అండవాహికలు తీయించుకున్నారు. ఆమె ముప్పు మామూలు ముప్పు కాదని మరిచిపోయి ఆ వార్తను చదివినవాళ్లు చాలామంది.

ఇక్కడ మన ఇళ్లకు సంబంధించిన మాట ఒకటుంది. కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా అని డాక్టరు అడిగితే మనవాళ్లు అమ్మ, అమ్మమ్మ, పిన్ని, పెద్దమ్మల గురించి చెప్పి ఊరుకుంటారు. ఈ జన్యు లోపం తండ్రి నుంచీ వస్తుంది. నాయనమ్మకు, మేనత్తకు వచ్చిన జబ్బు కూడా అంతే ముఖ్యం. కడుపులో గడ్డతో పోయిందని మాత్రమే చెప్పుకునే మేనత్త కథ వెనక ఏముందో అడిగి రాసిపెట్టుకోవడం ఖర్చులేని పరీక్ష.

మరోపక్క చిన్నా పెద్దా అనుమానితులు ఎన్నో వచ్చాయి, కొన్ని నిలిచాయి, కొన్ని జారిపోయాయి. ఆస్‌బెస్టాస్ మీద నేరం రుజువైంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో గ్యాస్ మాస్కులు తయారు చేసిన కార్మిక స్త్రీలు దానికి మూల్యం చెల్లించారు. ముట్లుడిగాక వాడే హార్మోన్ మందుల ముప్పు చిన్నదే అయినా నిజమైనది. 50వ ఏట మొదలుపెట్టి ఐదేళ్లు వాడిన వెయ్యి మందిలో అదనంగా ఒకరికి వస్తుందని 2015 లెక్క. సంతానం కోసం వాడే మందుల మీద 1990లలో లేచిన భయం, 54 వేల మందికి పైగా స్త్రీల వివరాలు చూసిన 2009 నాటి డెన్మార్క్ అధ్యయనంలో నిలవలేదు. టాల్కం పౌడర్ వివాదం తెగలేదు. 1982లో బోస్టన్‌లో డేనియల్ క్రామర్ అనుమానం లేవనెత్తారు. 2020లో రెండున్నర లక్షల మంది వివరాలు కలిపి చూస్తే స్పష్టమైన లంకె కనపడలేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం టాల్క్‌ను 'బహుశా క్యాన్సర్ కలిగించేది' అన్న వరుసలో చేర్చింది. జననాంగాల దగ్గర పౌడర్ చల్లుకోవాల్సిన వైద్య అవసరమేదీ లేదు కాబట్టి మానేయడమే మేలని నా అభిప్రాయం.

ఇక ఫతల్లా లెక్క దగ్గరికి మళ్లీ రావాలి. అందులో ఒక తేడా ఇబ్బంది పెడుతూ వచ్చింది. ఒక కాన్పు వల్ల తప్పే అండ విడుదలలు తొమ్మిదో పదో. తగ్గే ముప్పు మాత్రం ఆ లెక్కకు మించి ఉంది. పైగా క్యాన్సర్ కణాలను సూక్ష్మదర్శినిలో చూస్తే అవి అండాశయం పైపొరను పోలి లేవు, అండవాహిక లోపలి పొరను పోలి ఉన్నాయి. జవాబు 2001లో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. వంశపారంపర్య ముప్పు ఉండి, ముందుజాగ్రత్తగా అవయవాలు తీయించుకున్న 12 మంది అండవాహికలను యుర్గన్ పీక్ బృందం పరీక్షించింది. ఆరుగురిలో క్యాన్సర్‌కు ముందు మెట్టులాంటి మార్పులు కనిపించాయి. అవి ఉన్నది అండాశయంలో కాదు, అండవాహిక నాళంలో. తర్వాతి ఏళ్లలో బోస్టన్‌లో క్రిస్టఫర్ క్రమ్ బృందం అండవాహిక కొసన ఉండే కుచ్చులను సన్నగా కోసి చూడడం మొదలుపెట్టింది. అన్నిటికన్నా ఎక్కువ మందిని చంపే రకం క్యాన్సర్‌లో చాలా భాగం ఆ కుచ్చుల్లో పుట్టి అండాశయం మీదికి రాలి అక్కడ పెరుగుతోందని తేలింది. ఫతల్లా మాట వృథా పోలేదు. అండం విడుదలైనప్పుడు వెలువడే ద్రవంలో తడిసేది ఆ కుచ్చులే.

2010లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వైద్యులు ఈ జ్ఞానాన్ని ఆచరణలో పెట్టారు. గర్భసంచి తీసేటప్పుడో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసేటప్పుడో నాళాలను పూర్తిగా తీసేసి, అండాశయాలను మాత్రం ఉంచేశారు. అలా చేయించుకున్న 25,889 మందిలో ఆ ప్రాణాంతక రకం సుమారు ఐదుగురికి రావలసి ఉండగా ఒక్కరికీ రాలేదని 2022లో ప్రకటించారు. ఇంకా చిన్న అంకె, ఇంకా కొద్ది కాలమే. అయినా దీన్ని గట్టిగా పట్టుకోవడానికి కారణం ఉంది. రక్తంలో సీఏ-125 అనే ప్రోటీన్‌ను చూసి, స్కాన్ తీసి జబ్బును ముందే పట్టుకునే దారిని బ్రిటన్ 2 లక్షల మందికి పైగా స్త్రీల మీద పరీక్షించింది. 2021లో వచ్చిన చివరి ఫలితం ప్రకారం మరణాలు తగ్గలేదు.

ఈ చరిత్ర తెలుగు రాష్ట్రాలను నేరుగా తాకేది ఇక్కడే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. దేశంలో అదే అత్యధికం. తెలంగాణలో దాదాపు 62 శాతం. నాళాలను ముడివేయడం వల్ల కూడా అండాశయ క్యాన్సర్ ముప్పు సుమారు నాలుగో వంతు తగ్గుతుందని అనేక అధ్యయనాలు చెప్పాయి. నెలసరి రక్తం వెనక్కి, నాళాల గుండా పొత్తికడుపులోకి చేరకుండా ముడి అడ్డుకుంటుంది. ఎండోమెట్రియోసిస్‌తో (గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట పెరిగే జబ్బుతో) ముడిపడ్డ రకాల్లో ఈ రక్షణ సగం దాకా ఉండడానికి అదే కారణం కావచ్చు. కానీ ముడి వేసినా, లాప్రోస్కోపీలో రింగు బిగించినా కుచ్చులు లోపలే ఉంటాయి. ప్రాణాంతక రకానికి దాని రక్షణ తక్కువ.

నన్ను కలవరపెట్టేది మరొకటి. అదే సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం ఉంటే, దేశ సగటు 3 శాతం చిల్లర. తెల్లబట్టకో, అధిక రక్తస్రావానికో వెళ్లిన ముప్పై అయిదేళ్ల కూలి మహిళకు, పిల్లలు అయిపోయారు కదా, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుందన్న మాట చెబుతారు. పనిలో పనిగా అండాశయాలు కూడా పోతాయి. 2009లో అమెరికా నర్సుల మీద జరిగిన అధ్యయనంలో గర్భసంచి తీయించుకున్న 29,380 మందిని పోల్చారు. అండాశయాలు కూడా తీయించుకున్నవాళ్లలో అండాశయ, రొమ్ము క్యాన్సర్లు తగ్గాయి. గుండె జబ్బులు, మొత్తం మరణాలు పెరిగాయి. ఏ వయసు వారిలోనూ ఆయుష్షు పెరిగినట్టు కనిపించలేదు. జన్యు లోపం తేలిన స్త్రీకి ప్రాణం నిలిపే ఆపరేషన్, ఆ లోపం లేని స్త్రీకి ఎముకల బలాన్నీ గుండె ఆరోగ్యాన్నీ పోగొట్టే ఆపరేషన్ కావచ్చు. ఆ రెంటినీ వేరుచేసేది కుటుంబ చరిత్ర, జన్యు పరీక్ష. భయం కాదు.

నాళాలు తీయడం రింగు వేయడం కన్నా కొంచెం ఎక్కువ సమయం పట్టే పని, నైపుణ్యం కావాలి, అండాశయానికి వెళ్లే రక్తనాళాలు దెబ్బతినకుండా చూడాలి. ఒక్క రోజులో పదుల ఆపరేషన్లు చేసే క్యాంపులో అది కుదరదు. కానీ సిజేరియన్ చేస్తూనే కుటుంబ నియంత్రణ కూడా చేసే పద్ధతి మన ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో ఉంది. పొట్ట తెరిచే ఉన్న ఆ వేళ నాళాలను ముడివేయాలా, తీసేయాలా అన్నది ఆ తల్లికి ముందుగానే తెలుగులో వివరించి, ఆమె నిర్ణయానికి వదలవలసిన విషయం. ఇప్పుడు చాలాచోట్ల సంతకం పెట్టించుకునే కాగితం మీద ఆ ప్రశ్నే ఉండదు.