గుర్తు తప్పితే లెక్క తప్పు: ద్రవ్యవేగ నిత్యత్వం నడిచిన దారి

బయటి బలం పనిచేయనంతవరకు వ్యవస్థ మొత్తం ద్రవ్యవేగం మారదు. కువైట్‌లో సీబీఎస్ఈ చదివే మన పిల్లలు పదకొండో తరగతిలో ఈ నియమాన్ని ఒక్క వాక్యంలో నేర్చేసుకుంటారు. ఆ వాక్యం కుదురుకోవడానికి మాత్రం వెయ్యేళ్లకు పైగా పట్టింది.

విసిరిన రాయిని గాలి నెట్టదనీ, విసిరిన చెయ్యే దానికి ఒక ప్రేరణ ఇస్తుందనీ 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా పండితుడు ఫిలోపోనస్ వాదించాడు. అడ్డేమీ లేకపోతే ఆ ప్రేరణ తరగదని 11వ శతాబ్దంలో ఇబ్న్ సీనా అన్నాడు. 14వ శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ దాన్ని పదార్థ రాశితోనూ వేగంతోనూ ముడిపెట్టాడు. 1644లో డెకార్ట్ విశ్వంలోని మొత్తం చలనం స్థిరమని ప్రకటించాడు గానీ, వడిని మాత్రమే లెక్కించి దిశను వదిలేశాడు.

ఆ లోపం ఎంతటిదో చూడండి. అల్ రాయ్‌లోని సూక్ అల్ జుమా సంతలో 60 కిలోల ట్రాలీ సెకనుకు 2 మీటర్ల వేగంతో వెళుతోందనుకుందాం. 20 కిలోల ట్రాలీ 3 మీటర్ల వేగంతో ఎదురొచ్చి గుద్దుకుంది, రెండూ అతుక్కుపోయాయి. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే 120, 60 వస్తాయి. డెకార్ట్ పద్ధతిలో వాటిని కలిపి, మొత్తం ద్రవ్యరాశి 80తో భాగిస్తే 2.25 వస్తుంది. అంటే ఎదురుదెబ్బ తిన్న పెద్ద ట్రాలీ మరింత జోరందుకుందన్నమాట! దిశకు గుర్తు పెట్టి 120లోంచి 60 తీసేస్తే వచ్చేది 0.75. అదే సరైన జవాబు.

1668లో రాయల్ సొసైటీ అడగగా వాలిస్, రెన్, హైగెన్స్ అభిఘాత సూత్రాలను సరిదిద్దారు. 1687లో న్యూటన్ వాటిని తన చలన నియమాల నుంచి రాబట్టాడు. 1742లో రాబిన్స్ బరువైన లోలకంలోకి తుపాకీ గుండు పేల్చి, లోలకం ఊగిన దూరాన్ని బట్టి గుండు వేగం కట్టాడు. గుండు దిగినప్పుడు గతిశక్తి చాలావరకు వేడిగా పోయినా, ద్రవ్యవేగం లెక్క చెదరలేదు.

1923లో కాంప్టన్ ఇదే నియమాన్ని ఎక్స్-కిరణాలు ఎలక్ట్రాన్లను ఢీకొనే ఘటనకు అన్వయించాడు. 1931లో సి.వి. రామన్‌తో కలిసి మన తెలుగు శాస్త్రవేత్త సూరి భగవంతం, కాంతి పరిక్షేపణ ప్రయోగాలతో కాంతి కణమైన ఫోటాన్‌కు స్పిన్, అంటే కోణీయ ద్రవ్యవేగం, ఉందని చూపారు.

కాబట్టి విద్యార్థులారా, అంకెలు వేయకముందే వ్యవస్థ ఏదో తేల్చుకోండి, బాణం గీసి ధన దిశ ఎటో రాసుకోండి. డెకార్ట్ అంతటివాడు తడబడింది సరిగ్గా అక్కడే.