ఆవిడ సైకిలూ, ఆల్ప్స్ కొండలూ

వంటల పుస్తకాలు పోగుచేసుకునే ఇల్లాలు ఆల్ప్స్ పర్వతాల్ని సైకిలుమీద దాటిందంటే నమ్ముతారా? నేనూ మొదట నమ్మలేదు. కానీ ఇది కథ కాదు, చరిత్రే. ఆవిడ పేరు ఎలిజబెత్ రాబిన్స్ పెన్నెల్.

ఆవిడ 1855లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టింది. చిత్రకారుడు జోసెఫ్ పెన్నెల్‌ని పెళ్ళాడి లండన్‌లో కాపురం పెట్టింది. పత్రికలకి రాసేది. 1884లో భార్యాభర్తలిద్దరూ మూడు చక్రాల సైకిలెక్కి ఫ్లారెన్స్ నుంచి రోముదాకా వెళ్ళారు. తర్వాత రెండు చక్రాల సైకిళ్ళకి మారారు. ఇహ ఆగుతారా? ఆల్ప్స్ కనుమలమీద పడ్డారు. ఆ ప్రయాణం 1898లో ‘ఓవర్ ది ఆల్ప్స్ ఆన్ ఎ బైసికిల్’ అనే పుస్తకంగా వచ్చింది. రాత ఆవిడది, బొమ్మలు ఆయనవి. అప్పటికి ఆవిడకి నలభై దాటాయి!

ఆ కొండల్లో ఒక కనుమ దాటడమంటే పొద్దుట్నుంచి సాయంత్రందాకా పని. గోథార్డ్ కనుమ దాదాపు 6,900 అడుగుల ఎత్తు, ఫుర్కా ఇంచుమించు 8,000. గుర్రపుబళ్ళకోసం వేసిన మట్టిరోడ్డు మెలికలు తిరుగుతూ పైకి పోతూనే ఉంటుంది. ఆనాటి సైకిలుకి గేర్లు లేవు. తొక్కినంతసేపు తొక్కి, ఊపిరి ఆడనప్పుడు దిగి తోసుకుంటూ పోవాల్సిందే. ఆడవాళ్ళకైతే అడుగడుగునా కాళ్ళకి చుట్టుకునే లంగా అదనం.

పోనీ, దిగడమైనా సుఖమా అంటే అదీ లేదు. చక్రం తిరిగితే పెడళ్ళూ తిరిగేవి, ఆపుదామంటే ఆగేవి కావు. బ్రేకులు అంతంతమాత్రం. కొందరు చెట్టుకొమ్మ నరికి సైకిలు వెనక కట్టి, దాన్ని ఈడ్చుకుంటూ దిగేవారట. దుమ్ము సంగతి వేరే చెప్పాలా?

తోసుకుంటూ వెళ్తే అదేం సైకిలు ప్రయాణం అని మూతి విరిచేవాళ్ళకి ఒకమాట. 1911లో టూర్ డి ఫ్రాన్స్ పందెం మొదటిసారి గాలిబియే కనుమ ఎక్కింది. అంతా ఆరితేరిన మగవాళ్ళే. అయినా నేలమీద కాలు పెట్టకుండా ఎక్కింది ముగ్గురేనని చెప్పుకుంటారు.

అన్నట్టు, సైకిలు తొక్కే ఆడవాళ్ళకి మొహం బిగుసుకుపోయి అందం చెడుతుందని ఆ రోజుల్లో కొందరు డాక్టర్లే భయపెట్టారు. ఆ మొహానికి ‘సైకిలు మొహం’ అని పేరు కూడా పెట్టారు. పాపం, అది విని ఎంతమంది ఆశ చంపుకుని ఇంట్లో కూర్చున్నారో!

ఎలిజబెత్ మాత్రం కూర్చోలేదు. అలాగని వంటింటిని చిన్నచూపూ చూడలేదు. భోజనాలమీద ఆవిడ రాసిన వ్యాసాలు 1896లో పుస్తకమయ్యాయి. ఆవిడ కూడబెట్టిన పాతకాలపు వంటల పుస్తకాలు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరాయి. ఇల్లు కావాలా, కొండలు కావాలా అని మనల్ని అడుగుతుంటారు చూడండి, ఆ ప్రశ్నే తప్పని నాకనిపిస్తుంది. ఆవిడకి రెండూ కావలసొచ్చాయి. రెండూ దక్కించుకుంది.