చెట్టు వైద్యానికి దుర్భిణి



దుర్భిణి అనగానే మనకు ఓడమీది కప్తానో, సరిహద్దు కాచే సిపాయో గుర్తుకు వస్తాడు. చెట్టుకూ దానికీ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నది. అది ఎట్లా కలిసిందో ఈ పూట చెప్పుకుందాం.

1608వ సంవత్సరంలో హాలెండు దేశంలో హాన్స్ లిప్పర్షే అనే కళ్లద్దాల పనివాడు, దూరపు వస్తువును దగ్గరగా చూపే గొట్టం తయారుచేసి, దానిపై హక్కు ఇవ్వమని ప్రభుత్వాన్ని కోరాడు. హక్కు దొరకలేదు. కాని రెండు కళ్లతోనూ చూచే గొట్టం చేసిపెట్టమని ప్రభుత్వంవారే అడిగారు. ఆనాడు అక్కడ యుద్ధకాలం. శత్రువును ముందుగా కనిపెట్టడమే వారికి కావలసినది. మరుసటి ఏడే గెలీలియో అటువంటి గొట్టాన్ని ఆకాశంవైపు తిప్పాడు. 1854లో ఇటలీకి చెందిన పోరో, గాజు పట్టకాలతో వెలుగును మళ్లించి పొడుగాటి గొట్టాన్ని పొట్టిగా చేసే ఉపాయం కనిపెట్టాడు. 1894లో జర్మనీలోని జైస్ కంపెనీ ఆ ఉపాయంతో జోడు దుర్భిణులను అమ్మకానికి తెచ్చింది. మెడలో వేలాడే నేటి దుర్భిణికి అదే మూలం.

ఇక చెట్టు వైద్యం సంగతి. 1901లో అమెరికాలో జాన్ డేవీ అనే ఆయన, ‘చెట్టు వైద్యుడు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం వ్రాశాడు. తరువాత జర్మనీ శాస్త్రజ్ఞుడు క్లాస్ మాథెక్, చెట్టు పైరూపాన్ని చూచి లోపలి లోపాన్ని పసిగట్టే పద్ధతిని 1990ల నాటికి ప్రచారంలోకి తెచ్చాడు. అసహజమైన ఉబ్బు, నిలువు చీలిక, కొమ్మల పంగలో నెర్రె—ఇవన్నీ చెట్టు చెప్పే మాటలే నన్నమాట. పంగ నలభై అడుగుల ఎత్తున ఉంటే ఆ మాట వినేదెట్లా? అక్కడ దుర్భిణి అక్కరకు వచ్చినది.

మన జైపూర్ ప్రాంతంవారికి ఈ సంగతి వేరే బోధించనక్కరలేదు. ఇందారం బొగ్గు గనులు ఇక్కడే ఉన్నవి. 2016 నుంచి సింగరేణివారి విద్యుత్ కేంద్రమూ ఇక్కడే నడుస్తున్నది. భూగర్భ గనిలో దిగినవారు పని మొదలుపెట్టకముందే పైకప్పును కర్రతో తట్టి, చప్పుడునుబట్టి అది గట్టిదో వదులుదో తెలుసుకుంటారు గదా! చెట్టుకింద నిలిచినవాడికి కొమ్మలే పైకప్పు. 2017 డిసెంబరులో మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడినది. సందర్శకులను ఆపివేసి, మరుసటి ఏడు చెదలమందును సీసాలనుంచి బొట్టుబొట్టుగా ఎక్కించవలసి వచ్చినది.

చెట్టు ఎక్కేవారి ప్రాణం సంగతి చూడండి. గీత కార్మికులకు రక్షణగా 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరిట సామగ్రి ఇవ్వసాగింది. తాడు పట్టుకునేది ఎక్కినవాణ్ణి. ఎక్కకముందు కాపాడేది చూపు. తేనెతుట్టె, కందిరీగల గూడు, ఎండిన కొమ్మ, ఆకుల చాటున కరెంటు తీగ—ఇవి నేలమీద నిలిచే కనిపెట్టవచ్చును.

మామిడి తోట గలవారికి బదనిక బెడద తెలిసినదే. చిన్న పిట్టలు దాని పండ్లు తిని, జిగురు గింజలను కొమ్మలకు అంటిస్తాయి. గుబురులో అది మామిడి ఆకుల్లో ఆకుగా కలిసిపోతుంది. దుర్భిణితో చూస్తే దాని మందపాటి ఆకు, గొట్టంలాంటి పువ్వు తేటగా కనబడతాయి. పండు పండకముందే, అతుక్కున్న చోటికి ఒక మూర కిందుగా కొమ్మను కోసివేయవలెను. పైపైన పీకితే మళ్లీ మొలుస్తుంది సుమండీ.

వేపచెట్టుకు తొందరపడి గొడ్డలి పెట్టకండి. 2021లో మన రాష్ట్రమంతటా వేపలు కొమ్మల చివరలనుంచి ఎండిపోయాయి. ఫోమాప్సిస్ అనే బూజు తెగులు దానికి కారణం. చచ్చినవనుకున్న చెట్లు చాలా మళ్లీ చిగిర్చాయి. కిందనుంచి ఎండుగా తోచిన కొమ్మపైన చిగురు ఉన్నదో లేదో ముందు చూడండి.

కొనేటప్పుడు దుర్భిణిమీది అంకెలు చదవండి. 8×42 అని ఉంటే, మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది; రెండవది ముందరి అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. తోట పనికి ఏడెనిమిది రెట్లు చాలును. ఎక్కువైతే చేతి వణుకు కూడా పెరిగి కనబడుతుంది. దానితో సూర్యునివైపు ఎన్నడూ చూడరాదు, కళ్లు పోతాయి. మరొక సంగతి: దుర్భిణికి మాను లోపలి తొర్ర, మట్టిలోని వేరు కనబడవు. అందుకు మొదలును కొయ్యసుత్తితో తట్టి వినవలె, మట్టి తీసి చూడవలె.

ఇంటికొకటి అక్కరలేదు. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కుని, వానలకు ముందొకసారి, పూతకు ముందొకసారి చెట్టుచెట్టూ తిరిగి చూచుకోండి. కోత మనిషిని ఆ తరువాతనే చెట్టెక్కించండి.